ఊరి ప్రక్క మంచుకొండ

అమెరికాలోని కొలరాడో రాష్ట్రములో, రాకీ పర్వతములలో, యాంపా అను చిన్న నది ఒడ్డున స్టీమ్‌బోట్ స్ప్రింగ్స్ అను ఊరు ఉన్నది. ఆ పేరును మన భాషలోనికి తెచ్చుకుంటే 'పొగపడవ ఊటలు' అవుతుంది. సముద్రమట్టమునకు 6,700 అడుగుల ఎత్తున, పడవలు సాగని కొండల నడుమ ఈ పొగపడవ పేరేమిటని మేమును మొదట ఆశ్చర్యపడినాము. పూర్వము అక్కడి ఖనిజజలపు ఊటలలో ఒకటి భుగభుగమని పొంగుతూ స్టీమరు యంత్రము వలె చప్పుడు చేసేదట. గోదావరి మీద స్టీమరు ప్రయాణము చేసిన పెద్దలకు ఆ చప్పుడు ఎట్టిదో వేరే చెప్పనక్కరలేదు. 1908 ప్రాంతమున ఆ వైపునకు రైలుమార్గము వచ్చినప్పుడు జరిగిన త్రవ్వకములతో ఆ ఊట మూగపోయినది. పేరు మాత్రము నిలిచినది.

అయితే మేము చెప్పబూనినది ఆ ఊటను గురించి కాదు. ఊరి పెద్దబజారైన లింకన్ వీథిలో నిలబడి ప్రక్కసందులోనికి తల త్రిప్పితే నదికి ఆవల ఒక కొండవాలు కనబడుతుంది. వంతెన దాటి నాలుగడుగులు వేస్తే దాని పాదము చేరవచ్చును. దాని పేరు హోవెల్సెన్ హిల్. స్కీ క్రీడకు 1915లో తెరచిన ఆ కొండ నాటినుండి నేటివరకు ఏ శీతకాలమునను మూతపడలేదనియు, ఉత్తర అమెరికా ఖండములో ఎడతెగక సాగుతున్న స్కీ స్థలములలో అదియే మిక్కిలి పాతదనియు చెబుతారు. అది ఏ వ్యాపారసంఘము సొత్తూ కాదు. ఊరి సొత్తు. సుమారు 13,000 జనాభా గల ఒక ఊరు, మనము చెరువును గాని బడిని గాని పోషించుకొన్నట్లు, ఒక కొండను నూరేండ్లకు పైగా పోషించుకొంటున్నది.

స్కీలంటే ఏమిటో చాలమంది శ్రోతలు చిత్రములలో చూచియే ఉందురు. మనిషి నిలువెత్తు పొడవుగల సన్నని పలకలను రెండు పాదములకు బిగించుకొని, మంచు కప్పిన వాలు మీద జారుతూ దిగుట ఆ క్రీడ. మన దేశములో గుల్మార్గునందును ఔలీయందును ఇది ఉన్నది. కాని క్రీడ కాకమునుపు స్కీ ఒక వాహనము. కొలరాడో గనులలో పనివారు, కొండలలో టపా మోసినవారు, పందొమ్మిదవ శతాబ్దములోనే పొడవాటి కొయ్యపలకలు కట్టుకొని తిరిగినారు. వారికి మంచు ఒక బాధ. పశువులకు మేత దొరకదు, దారులు మూసుకొనిపోవును, నెలల తరబడి ఇంట్లో ముడుచుకొని కూర్చుండవలెను. స్టీమ్‌బోట్ స్ప్రింగ్స్ వారికిని శీతకాలమంటే అంతే. ఆ ఊరి చూపును మార్చినవాడు ఒక రాతిపని మేస్త్రీ.

అతని పేరు కార్ల్ హోవెల్సెన్. 1877లో నార్వే రాజధానిలో పుట్టినాడు. ఆ నగరమును ఇప్పుడు ఓస్లో అంటున్నారు. అప్పటి పేరు క్రిస్టియానియా. వృత్తి తాపీపని, ప్రవృత్తి స్కీలు. ఓస్లో దాపున హోల్మెన్‌కొల్లెన్ అను కొండ మీద జరిగే పందెములు నార్వే వారికి తిరునాళ్ళ వంటివి. 1903లో అక్కడ గెలుపొందినాడు. 1905లో బ్రతుకుతెరువు వెదకికొనుచు అమెరికా చేరి, షికాగోలో ఇటుకలు పేర్చినాడు. ఆ తరువాత 1907లో జరిగినది వింటే నవ్వును వస్తుంది, జాలియు కలుగుతుంది. బార్నమ్ అండ్ బెయిలీ అను సుప్రసిద్ధ సర్కసువారు అతనిని కుదుర్చుకొన్నారు. ఏనుగుల ఆట, గుఱ్ఱముల ఆట అయిన తరువాత, మంచు లేని డేరాలో, నునుపు చేసిన ఏటవాలు బల్లల మీదుగా జారివచ్చి ఈ మేస్త్రీ గాలిలోనికి ఎగిరేవాడు. 'ఎగిరే నార్వేవాసి' అని ప్రకటనలు వేసినారు. తన దేశములో పిల్లవాడు పెద్దవాడు అందరును ఆడుకొనే ఆట ఇక్కడ టిక్కెట్టు కొని చూచే వింత అయినది. వెన్నునకు దెబ్బ తగిలి సర్కసు విడిచినాడు. పిమ్మట డెన్వరు నగరము చేరి మరల తాపీ చేతపట్టినాడు.

1913లో అతడు స్టీమ్‌బోట్ స్ప్రింగ్స్‌కు వచ్చినాడు. పనిలేని వేళల స్కీలు కట్టుకొని వాలుల వెంట తిరుగుచుంటే పిల్లలు వెంటబడినారు. పిల్లల వెంట తల్లిదండ్రులు వచ్చినారు. మరుసటి ఏడు, అనగా 1914 ఫిబ్రవరిలో, అతని ప్రోద్బలముతో ఆ ఊరు మొదటి శీతకాలపు ఉత్సవమును జరుపుకొన్నది. అప్పటి దూకుడు ఊరిలోనే మరొక గుట్ట మీద జరిగినది. అంతకంటె మంచి వాలు నదికి ఆవల ఉన్నదని గుర్తించి, అక్కడ పొదలు కొట్టించి, దూకుటకు తగిన కట్టడమును లేపినది హోవెల్సెనే. 1917లో ఊరివారు ఆ కొండకు అతని పేరు పెట్టినారు. బ్రతికియున్న ఒక వలస మేస్త్రీ పేరు కొండకు పెట్టిన ఊళ్ళు ఎన్ని ఉందునో మేము ఎరుగము. 1921లో అతడు ముసలి తల్లిదండ్రులను చూడ స్వదేశము పోయి, అక్కడనే పెండ్లాడి, స్థిరపడినాడు. 1955లో మరణించినాడు. ఊరిలో అతడు గడిపినది పదేండ్లకంటె తక్కువ.

కొండ పెద్దదేమీ కాదు. పాదము నుండి శిఖరమునకు 440 అడుగులు. తాటిచెట్టు మీద తాటిచెట్టు నిలిపితే ఏడెనిమిది చెట్ల ఎత్తు. అయినను 1916లోను, మరల 1917లోను స్కీ దూకుడులో ప్రపంచపు మేటి దూరములు ఈ కొండ మీదనే నమోదు అయినవి. రెండవది 203 అడుగులు. నేటి లెక్కలో అది మధ్యరకపు దూరమే కాని, ఆనాడు అంత దూరము గాలిలో పోయిన మనిషి లేడు.

ఈ దూకుడును చూడనివారికి రెండు మాటలు చెప్పవలెను. ఏటవాలుగా దిగివచ్చే ఒక బాట ఉంటుంది. దాని చివర నేల ఒక్కసారిగా తెగిపోయినట్లుంటుంది. జారివచ్చినవాడు ఆ అంచున మోకాళ్ళు చాచి, దేహమును స్కీల మీదికి వంచి, చేతులు ప్రక్కలకు చేర్చి గాలి మీద పండుకొన్నట్లు పోతాడు. చూచేవారికి గుండె జల్లుమంటుంది. కాని క్రింది నేలయు అతడు పోయే వంపునకు సరిగా వాలి ఉండుటచేత నేలకును అతనికిని నడుమ ఎడము మనము భయపడినంత ఉండదు. దిగునప్పుడు ఒక పాదము ముందుకు, ఒకటి వెనుకకు ఉంచి మోకాలు వంచవలెను. నార్వేలోని ఒక జిల్లా పేరుమీద దానిని టెలిమార్క్ అంటారు. ఎంత దూరము దూకినాడన్నది ఒక లెక్క, ఎంత ఒప్పుగా దిగినాడన్నది మరొక లెక్క. రెండును కూడి గెలుపు.

హోవెల్సెన్ కొండ మీద ఇట్టి దూకుడు మెట్లు ఒకటి కాదు, వరుసగా చిన్నవి మొదలు పెద్దవి వరకు ఉన్నవి. కొండ గొప్పతనమంతయు ఈ వరుసలో ఉన్నదని మాకు తోచినది. అక్షరములు దిద్దే పిల్లవాని చేతికి కావ్యము ఇవ్వము గదా! అయిదారేండ్ల పిల్లలు మొదట మన ఇంటి అరుగంత గట్టు మీదనుండి దూకుతారు. పడుతారు, లేస్తారు. మరుసటి ఏడు దాని ప్రక్క గట్టు. అట్లు పదేండ్లు గడచేసరికి పెద్దమెట్టు ఎక్కినవానికి అది క్రొత్తచోటు కాదు. ప్రతిదినము బడినుండి వచ్చి చూచిన చోటే.

మేము మొదటిమారు ఆ కొండను చూచినది శీతకాలములో కాదు, జూలై నెలలో. మంచు లేదు. ఎండ చురుక్కుమంటున్నది. డెన్వరు నుండి కారులో బయలుదేరి, కుందేటి చెవులు అని పేరుగల 9,400 అడుగుల కనుమను దాటి దిగినాము. కనుమకు ఆ పేరు అక్కడ నిక్కి నిలిచిన రెండు రాతికొమ్ముల వలన వచ్చినది. మంచుకొండకు ఎండలో పోవుటేమని మాతో వచ్చిన మిత్రుడు ఎగతాళి చేసినాడు. పోయి చూతుము గదా, ఆ వేళ జూలై 4, అమెరికావారి స్వాతంత్ర్య దినము. కొండ పాదమున గుఱ్ఱపు స్వారీల మైదానములో జనము. పైన పచ్చగడ్డి నడుమ పిల్లలు స్కీలు కట్టుకొని గాలిలో ఎగురుతున్నారు! దిగే వాలు మీద ఈతాకు చాపలు పరచినట్లు ప్లాస్టిక్కు పోచల పరుపు పరచినారు. దానిమీద నీరు చల్లుతుంటారు. తడిసిన పోచల మీద స్కీ మంచుమీద వలెనే జారుతుంది. పడినవానికి మాత్రము మంచు చూపే దయ ప్లాస్టిక్కు చూపదు. ఒక బాలుడు మోచేయి గీరుకొని లేచి, రక్తము తుడుచుకొని, మరల మెట్లవైపు నడచినాడు. వాని తల్లి మా ప్రక్కనే బల్లమీద కూర్చుండి అల్లుకుంటున్నది, తల ఎత్తలేదు.

కొండ పన్నెండు నెలలును పని చేస్తుంది. వేసవిలో దూకుడు అభ్యాసమే కాక, పైనున్న ఎమరాల్డ్ పర్వతపు దారులలో సైకిళ్ళు త్రొక్కువారు, నడచువారు, సాయంకాలపు గుఱ్ఱపు పందెములు చూచువారు ఉంటారు. పాదమున కృత్రిమపు మంచుగడ్డ గల ఆటశాల ఒకటి ఉన్నది. శీతకాలము రాగానే దీపములు వెలిగించి రాత్రులందును వాలు తెరచి ఉంచుతారు. బడి విడిచిన పిల్లలకు పగటి వెలుగు మిగలదు గనుక ఆ దీపములే వారి బడిపంతుళ్ళని ఒకాయన మాతో పరిహాసమాడినాడు.

ఫిబ్రవరిలో ఉత్సవమునకు మరల పోయినాము. 1914 నాటి ఉత్సవము నేటికిని సాగుతున్నది. ఆ దినములలో లింకన్ వీథి మీది మంచును తొలగించుటకు మారుగా, బండ్లతో మంచు తెచ్చి వీథి మీద పోస్తారు. ఆ మంచు మీద గుఱ్ఱములు పరుగెత్తుతుంటే వాటి వెనుక త్రాడు పట్టుకొని పిల్లలు స్కీల మీద సాగిపోతారు. పెద్దలు వెడల్పాటి మంచు పారలమీద చతికిలబడి గుఱ్ఱములచేత లాగించుకొంటారు. ఉద్యోగస్థులును గౌరవనీయులును అట్లు మంచులో దొర్లుట చూచి జనము విరగబడి నవ్వుతారు. ఉన్నత పాఠశాల బాండుమేళము స్కీలు కట్టుకొని వాయిస్తూ ఊరేగుతుంది. 1935 నుండి ఈ ఆచారమున్నది. చలికి ఇత్తడి వాద్యములు పెదవులకు అంటుకొనునేమో అన్న భయము మాకు కలిగినది కాని, వారికి లేదు. రాత్రి హోవెల్సెన్ కొండమీద దివిటీలు పట్టి జారుతారు. అందరును ఎదురుచూచేది 'దీపాల మనిషి' కొరకు. ఒళ్ళంతయు విద్యుద్దీపములు తొడిగి, వీపున బాణసంచా మోసి, నిప్పులు చిమ్ముతూ చీకటి కొండ దిగివస్తాడు. తండ్రి చేసిన పనిని తరువాత కొడుకు చేపట్టినాడట.

ఆ ఊరినుండి శీతకాలపు ఒలింపిక్ క్రీడలకు పోయినవారు నూరుమందికి పైగా ఉన్నారని ఊరివారు లెక్క చెబుతారు. వారిలో అందరును తలచుకొనేది బడ్డీ వెర్నర్ అనువానిని. 1936లో పుట్టి ఈ కొండ మీదనే ఆట నేర్చినాడు. అన్నదమ్ములు, అక్క, ముగ్గురును ఒలింపిక్ క్రీడాకారులే. 1959లో ఆస్ట్రియాలోని కిట్జ్‌బూయెల్‌లో, అంతవరకు అమెరికనులు గెలువని పందెమును గెలిచినాడు. 1964 ఏప్రిలులో స్విట్జర్లాండులో ఒక చలనచిత్రము తీస్తుండగా హిమపాతము క్రింద చిక్కి 28వ ఏట మరణించినాడు. ఊరికి మూడు మైళ్ళ దూరమున 1963లో పెద్ద స్కీ కేంద్రము వెలసిన పర్వతమునకు 1965లో అతని పేరు పెట్టినారు. ఊరి గ్రంథాలయమునకును అతని పేరే. తరువాతి కాలమువారిలో జానీ స్పిలేన్ 2010లో వాంకూవరులో దూకుడును దూరపు పరుగును కలిసిన పోటీలలో మూడు రజత పతకములు గెలిచినాడు. టాడ్ లాడ్విక్ ఆరు ఒలింపిక్కులకు పోయినాడు. ఒక్కొక్క పేరును గోడమీద చూస్తుంటే, ఈ వాలు చివర పిల్లల గట్టు ఎంత చిన్నదో మాకు మాటిమాటికి గుర్తు వచ్చినది.

ఈ సంబరములలో వినరాని విషయమొకటి ఉన్నది. దానిని దాచి చెప్పుట మాకు ఇష్టము లేదు. ఈ లోయకు మొదటివారు నార్వే మేస్త్రీయు కాడు, 1870ల నాటి అమెరికను కాపులును కారు. యూట్ జాతివారు తరతరములుగా వేసవిలో ఈ ఊటలకు వచ్చేవారు. 1881లో ఆ ప్రాంతపు యూట్లను యూటా వైపునకు తరిమివేసినారు. ఉత్సవపు కరపత్రములో నూరేండ్ల చరిత్ర బహు ముచ్చటగా అచ్చు వేసినారు గాని, దానికి ముందటి మాట ఒక్క వాక్యమైనను మాకు కనబడలేదు. ఉండవలసినది.

ఇక కొండకు పట్టిన కష్టములు. టిక్కెట్ల రాబడితో కొండ గడవదు. ఊరి ఖజానా నుండి ఏటేట సొమ్ము వేయవలెను. పెద్దకొండకు విమానములలో దిగే యాత్రికులు ఈ చిన్నకొండకు రారు. వచ్చినను అరపూటలో చూచి పోతారు. పైగా నేల మంచిది కాదు. వసంతమున మంచు కరగి నీరు ఇంకినప్పుడు వాలు మెత్తబడి క్రిందికి జారుతుంది. స్కీలు జారవలసిన కొండ తానే జారుట విధి చేసిన పరిహాసము. అట్లు జారినప్పుడెల్ల మట్టి త్రవ్వి, నీటికి దారులు చేసి, మరల సరిదిద్దవలసి ఉంటుంది. 2021లో పాత కుర్చీల త్రాటిమార్గమును తీసి క్రొత్తది వేసినారు. శీతకాలములు వెచ్చబడుతున్న ఈ రోజులలో ఆకాశము కురిపించే మంచును నమ్మి కూర్చుండుటకు వీలులేక, చలిరాత్రులందు గొట్టములతో నీటిని తుంపరలుగా చిమ్మి మంచు చేయుటకును ఖర్చు.

మూడు మైళ్ళ దూరములో అంత పెద్ద పర్వతము ఉండగా ఈ గుట్ట కొరకు పన్నులు పోయనేల అని అడిగేవారు ఊరిలోనే ఉన్నారు. ఆ ప్రశ్న మూర్ఖమైనది కాదు. ఆ సొమ్ముతో వీథులు బాగుపడును, ఇండ్లు కట్టవచ్చును. ఇండ్ల మాట నిజముగా పెద్దదే. స్టీమ్‌బోట్‌లో ఇంటి ధరలు ఆకాశమును అంటి ఉన్నవి. హోటళ్ళలో పక్కలు సర్దేవారు, వంటచేసేవారు అనేకులు పడమట 40 మైళ్ళ దూరమున క్రెయిగ్ అను ఊరినుండి తెల్లవారుజామున బయలుదేరి వస్తారు. కొండ ఊరిదే కాని, ఊరు ఎవరిది అన్న సందేహము మాకు అక్కడ తోచినది.

అయినను కొండను విడువకుండుటే ఒప్పని మా తలంపు. పెద్దపర్వతము మీద ఒక్క దినపు టిక్కెట్టుకు ఇచ్చే ధరను కూలిపని చేసికొనే కుటుంబము ఇవ్వలేదు. పిల్లవాడు వారమునకు నాలుగుమార్లు పడి లేవవలసిన ఆట అట్టి చోట నేర్వలేడు. సర్కసు డేరాలో టిక్కెట్టుకు చూపించిన ఆటను హోవెల్సెన్ ఈ కొండకు తెచ్చి ఊరిపిల్లల చేతిలో పెట్టినాడు. చిన్నకొండ మూతపడితే అది మరల డేరాలోనికే పోతుంది. ఈమారు డేరా మరింత పెద్దది, అంతే.

పట్టణసభవారు దీనిని కొంత గ్రహించినట్లే ఉన్నది. కొన్ని శీతకాలములుగా ఆదివారములందు హోవెల్సెన్ కొండ మీద టిక్కెట్టు అడుగుట మానినారు. మేము ఉన్న ఆదివారము నాడు వాలు క్రింద జనము కిక్కిరిసి ఉన్నది. చాలమంది నోట స్పానిష్ భాష వినబడినది. ఎరువు తెచ్చిన స్కీలు, అన్నగారి కోటు తమ్మునికి, అక్క చేతితొడుగులు చెల్లెలికి. త్రాడుకు కట్టిన బిళ్ళను కాళ్ళ నడుమ ఇరికించుకొంటే అది మనిషిని పైకి లాగికొనిపోతుంది. ఆ బిళ్ళను పట్టుకొనుట రాక ఒక పిల్ల మూడుమార్లు పడినది. తాను ఎన్నడును స్కీ కట్టి ఎరుగని ఆమె తండ్రి, మామూలు బూట్లతో మంచులో జారుతూనే వెళ్ళి, ఆమెను లేపి నిలబెట్టి, బిళ్ళ వచ్చేదాక భుజము పట్టుకొని నిలిచినాడు. నాలుగవమారు ఆమె పైకి పోయినది. ఆయన పిల్ల బూట్లను రెంటిని చంకన పెట్టుకొని, పైనుండి ఎప్పుడు దిగివచ్చునా అని తల ఎత్తి చూస్తూ నిలబడినాడు.